తలూపిన నలభై పేజీలు

"నేను షెవ్ అనే చదివాను. ఎస్, హెచ్, ఈ, డబ్ల్యూ. మీరు తలూపారు."

"షొవ్ అన్నావు."

"నా జన్మలో అక్కడ షొవ్ అనలేదు. ఆ పుస్తకంలో షొవ్ అన్న మాటే లేదు. లేనిది నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"వచ్చింది మరి! అయినా ఇందులో కొంపలేం మునిగాయి? రెండిటికీ అర్థం ఒకటేనే తల్లీ. అంటే చూ..."

"చెప్పకండి! నాకు అర్థం చెప్పకండి!"

కింద వాటాలో దర్జీ కాలు మిషను మీదే ఆగిపోయింది. జేబు కుట్టించుకోవడానికొచ్చిన మనిషి పైకప్పు వైపు చూశాడు.

"మొగుడూ పెళ్ళాలు కూరలో ఉప్పు గురించి కొట్టుకోవడం చూశాను, పుట్టింటి గురించి కొట్టుకోవడం చూశాను," అన్నాడు దర్జీ దారం తెంపుతూ. "ఏబీసీడీల గురించి కొట్టుకునేది మాత్రం మా అన్నయ్యా వదినానే."

"ఏం పని చేస్తారేంటి వాళ్ళు?"

"చదువుతారు. ఆవిడ చదువుతుంది, ఆయన వింటాడు. అదే పని."

దర్జీ చెప్పిన దాంట్లో సగమే నిజం. ఆవిడ చదువుతుంది. ఆయన వినడం మానేసి ఏడాదిన్నర దాటింది. ఆ సంగతి ఆయన ఒక్కడికే తెలుసు.

వీధిలో ఆయన్ని ప్రూఫాయన అంటారు. ఆవిడ్ని పిల్లలు ఏబీసీ అత్తయ్య అంటారు, పెద్దవాళ్ళూ అదే అంటారు, ఆవిడ లేనప్పుడు. ప్రూఫాయన మహా పండితుడేం కాదు. పరీక్షలు గట్టెక్కక చదువాపేసి, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాడు. ఇంగ్లీషు మాత్రం బాగా పట్టుబడింది. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు అసలు పుస్తకం చేతిలో పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు అచ్చయి వచ్చిన కాగితం మీద కన్ను పెట్టి సరిపోయిందో లేదో చూసుకోవాలి. పైకి చదివే మనిషి ఆయనకి ఎవరూ నిలవలేదు. ఒకడు నమిలి మింగేవాడు, ఒకడు పుస్తకం బావుంటే మనసులో చదువుకుంటూ కూర్చునేవాడు. మూడోవాడూ మానేశాక పెళ్ళైన ఏడాది లోపే పనంతా ఇంటికి తెచ్చి, పెళ్ళాన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషు అక్షరాలు నేర్పాడు. అక్షరాలు మాత్రమే. ఆవిడ చదివింది ఐదో తరగతి.

ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఏ అక్షరాన్ని మింగేస్తారో కూడా తెలియదు. కనపడిన ప్రతి అక్షరాన్నీ పలికేది. కత్తి అన్న మాట వస్తే క్నిఫె అనేది. జనం అన్న మాట వస్తే పెఓప్లె అనేది. మొదటి వారం ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో వారం నవ్వాపేశాడు. ఆమె అలా చదువుతుంటే ఏ మాటలో ఏ అక్షరం ఉందో కళ్ళు మూసుకున్నా తెలిసిపోతోంది. ఇంగ్లీషు వచ్చినవాడు ఎవడూ అలా చదవలేడు. అంతకుముందు పెట్టుకున్న ముగ్గురికీ చదువొచ్చు, అదే వాళ్ళకి పట్టిన దరిద్రం అనుకున్నాడు.

కామాకి ఉంగరం వేలితో బల్ల మీద ఒక దెబ్బ. ఫుల్‌స్టాపుకి రెండు. పేరా మారితే మూడు. పెద్దక్షరం వస్తే ముందు 'పెద్ద' అంటుంది, వంకర అక్షరాలొస్తే 'వాలు' అంటుంది. ఆ బల్ల మీద ఆవిడ ఉంగరం పడే చోట చిన్న గుంట పడింది. ముప్ఫై ఒక్కేళ్ళ గుంట.

ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటే. అర్థం చెప్పకూడదు. కొత్తలో ఆయన సరదాకొద్దీ ఒక కథల పుస్తకంలో చచ్చిపోవడం అన్న మాటకి అర్థం చెప్పాడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ కన్ను పేజీలో ముందుకి పరిగెత్తింది, ఎవరు చచ్చారా అని. ఆ తొందరలో ఒక వరస మొత్తం ఎగిరిపోయింది. అచ్చయ్యాక తెలిసింది. అప్పట్నుంచి, "అర్థం తెలిస్తే కన్ను ఆగదండీ, నాకొద్దు" అంది. కోర్టు తీర్పులు, పశువుల జబ్బులు, వంతెనలు కట్టే లెక్కలు, ఒక రాజుగారి ఉత్తరాలు అన్నీ ఆ నోటి మీదుగానే పోయాయి. ఒక్క ముక్క లోపలికి దిగలేదు. తాళం చెవులు మోసే మనిషికి గదుల్లో ఏముందో తెలియనట్టు.

ఈసారి వచ్చిన పని వేరు. రెండు వందల ఏళ్ళ నాటి కోర్టు ఉత్తర్వుల పుస్తకం. ఒక లైబ్రరీవాళ్ళు మళ్ళీ అచ్చేయిస్తున్నారు, ఉన్నది ఉన్నట్టు, అక్షరం మారకుండా. ఆ పుస్తకంలో ఇంగ్లీషు పాతది. అప్పట్లో ఒక్కో మాటకి ఒక్కో స్థిరమైన రాత ఇంకా కుదురుకోలేదు. ఇప్పుడు ఓ రాసే చోట ఈ రాసేవారు, ఒక సీ చాలిన చోట వెనక కే తగిలించేవారు. జైలు అన్న మాట జీతో మొదలయ్యేది. చూపించు అన్న మాటలో ఇప్పుడు ఓ ఉన్న చోట ఈ ఉండేది. పలకడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఫలానావాడు ఫలానా రోజున వచ్చి కారణం చూపించాలి అని కోర్టు పంపే ప్రతి ఉత్తర్వులో ఆ మాట ఉండి తీరుతుంది. బయట ఆ రాత ఎప్పుడో చచ్చిపోయింది. కోర్టు కాగితాల్లో మాత్రం మొన్నమొన్నటి దాకా బతికే ఉంది, కోర్టులకి ఏదీ పారేసే అలవాటు లేదు గనక. ఈ పుస్తకంలో అది పేజీకి ఒకసారైనా తగులుతుంది.

ప్రెస్సాయన అసలు పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చాడు. ప్రూఫాయన్ని మొదట పనిలో పెట్టుకున్నాయన కొడుకు. చిన్నప్పట్నుంచీ వీళ్ళని బాబాయ్, పిన్నీ అని పిలుస్తాడు.

"బాబాయ్, మా ఆపరేటరు టైపు చేస్తుంటే కంప్యూటరు ఊరుకోవట్లేదు. పాత మాట కనపడగానే దానంతటదే కొత్తగా దిద్దేస్తోంది. ఆపమంటే ఆపుతోంది, మళ్ళీ ఎక్కడో మొదలెడుతోంది. మీ ఇద్దరే దిక్కు. మీరు తప్పులు దిద్దక్కర్లేదు. దిద్దినవి పట్టుకోండి చాలు."

"మీ పిన్ని ఉండగా నీకెందుకురా," అన్నాడు ప్రూఫాయన. అది ఆయన నిజంగానే అన్నాడు.

ఆయన కుడి చెవి మొదట పోయింది. మెల్లగా పోయింది, ఇంటద్దె కట్టకుండా రాత్రికి రాత్రి ఖాళీ చేసేవాడిలా కాదు, రోజుకో సామాను మోసుకుపోయేవాడిలా. ముందు సకారాలు పోయాయి, తర్వాత ఫకారాలు. ఆయన కుర్చీ తిప్పుకున్నాడు, ఎడమ చెవి ఆవిడ వైపుకి వచ్చేలా. వెలుతురు కోసం అన్నాడు. తర్వాత ఎడమ చెవీ మూటా ముల్లే సర్దుకోవడం మొదలెట్టింది. ఫ్యాను చప్పుడన్నాడు. కింద మిషను చప్పుడన్నాడు. ఆవిడ ఫ్యాను ఆపింది, గొంతు పెంచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావా అని అడిగాడట. ఈయన అదీ అడగలేదు. తలూపాడు.

తలూపడానికి ఒక ఆధారం దొరికింది ఆయనకి. మోచేయి బల్ల మీద ఆనించి కూర్చుంటే ఉంగరం దెబ్బ చెక్కలోంచి ఎముకలోకి వచ్చేది. ఒకటి, కామా. రెండు, ఫుల్‌స్టాపు. ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో దాన్ని బట్టి తెలిసిపోయేది. దెబ్బకీ దెబ్బకీ మధ్య మాటలు తనే చదువుకునేవాడు, తన ఎదురుగా ఉన్న కాగితం మీదివి. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు కదా, వాక్యం నునుపుగా సాగితే చాలు, సరే అనుకునేవాడు. మామూలు పుస్తకాలకి ఆ ఎత్తు ఏడాది పైన నడిచింది. ఆపరేటరు తప్పు చేస్తే వాక్యం కుంటేది, ఈయన పట్టుకునేవాడు.

ఈ పుస్తకంలో తప్పు చేస్తే వాక్యం ఇంకా నునుపవుతుంది. అదే ఆయన్ని ముంచింది.

మొదటి నలభై పేజీలు ఆయన సంతకంతో వెళ్ళాయి. లైబ్రరీవాళ్ళు నాలుగు పేజీలు తీసి చూసి మొత్తం వెనక్కి పంపారు. ప్రెస్సాయన ఆ కట్ట పట్టుకుని మంగళవారం పొద్దున్న వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. వచ్చిన సంగతి చెప్పడానికి చాలాసేపు నీళ్ళు నమిలాడు.

"విచిత్రం ఏంటంటే బాబాయ్, వాళ్ళు చూసిన నాలుగు పేజీల్లో కామా ఒక్కటి పోలేదు. ఎక్కడి చుక్క అక్కడే ఉంది. పాత మాటలు మాత్రం వరసపెట్టి పోయాయి, ఒక్క షో అన్న మాటే ఆరు చోట్ల." గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు ప్రూఫాయనకి అందలేదు గానీ పెదాలు అందాయి. "పిన్నికి కళ్ళు తగ్గాయేమో. వయసు కదా. గురువారం వస్తాను. రిటైరైన టీచరొకాయన ఉన్నాడు, చదవడానికి ఆయన్ని పెడదాం. పిన్నిని ఇంక కూర్చోబెట్టకండి."

ఆవిడ అక్కడే ఉంది, గుమ్మం పక్కన, గ్లాసు కోసం చెయ్యి చాచి.

ప్రూఫాయన అప్పుడు ఒక్క మాట అనాల్సింది. అనలేదు. బల్ల మీద కాగితాలు సర్దాడు. ఒకసారి సర్దినవే మళ్ళీ సర్దాడు. ప్రెస్సాయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతదే దర్జీ విన్న గొడవ. అది ఎలా ముగిసిందో దర్జీకి వినపడలేదు, ప్రూఫాయన ఆఖరి మాట మెల్లగా అన్నాడు కాబట్టి. "కళ్ళజోడు మార్పించుకో," అన్నాడు.

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళింది.

కంటి డాక్టరు దగ్గర గోడకి బోర్డు ఉంటుంది, పైన పెద్దక్షరాలు, కిందకి పోయేకొద్దీ చిన్నవి. ఆవిడ అన్నీ చదివింది. ఆఖరి వరసా చదివింది. ఆ కింద, బోర్డు అచ్చువేసిన ప్రెస్సు పేరూ ఊరూ చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంటే అవీ చదివి, పేరులో ఒక అక్షరం తలకిందులుగా పడిందని చెప్పింది. డాక్టరు లేచి వెళ్ళి దగ్గర్నుంచి చూసొచ్చాడు. "మీకు ఈ జోడు చాలమ్మా," అన్నాడు.

తిరిగొచ్చే దారిలో ఆవిడ కామాల గురించి ఆలోచించింది. కళ్ళు తగ్గితే ముందు పోవాల్సింది కామాలు. చుక్కకి తోకంత ఉంటాయి అవి. అవి పోకుండా మాటలు పోవడమేంటి? మాటలు తను నోటితో చెప్తుంది. కామాలు చేత్తో చెప్తుంది. చేత్తో చెప్పినవి చేరాయి. నోటితో చెప్పినవి చేరలేదు.

ఈ లెక్కంతా, నలభై ఒకటో పేజీలో కామాలూ చుక్కలూ ఆ రాత్రే కంఠతా పట్టిన సంగతీ ఆవిడ తర్వాత చెప్పింది. ఆ రోజు ప్రూఫాయనకి తెలిసిందల్లా ఆవిడ వచ్చి, వంట చేసి, మూతి ముడుచుకోకుండా వడ్డించి, మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే ఎదురు కుర్చీలో కూర్చుని, "నలభై ఒకటో పేజీ, కానివ్వండి," అని వేళ్ళతో చూపించిందని. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎర్ర కలం తీశాడు. మోచేయి బల్లకి ఆనించాడు.

ఆవిడ పెదాలు కదిలాయి. ఒక దెబ్బ. ఆయన కాగితం మీద కామా ఉంది, తలూపాడు. ఇంకో దెబ్బ. ఇంకో కామా. తలూపాడు. రెండు దెబ్బలు. ఫుల్‌స్టాపు, బాగుంది. వాక్యాలు నునుపుగా పోతున్నాయి. సగం పేజీ అయ్యేసరికి గుమ్మం దగ్గర ఏదో కదిలినట్టయి తలెత్తాడు. దర్జీ నిలబడి ఉన్నాడు, కుట్టిన కర్టెన్లు భుజాన వేసుకుని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడా, ఇంకేదైనా ఆపుకుంటున్నాడా తెలియట్లేదు. కళ్ళు మాత్రం నవ్వట్లేదు.

ప్రూఫాయన ఆవిడ వైపు చూశాడు. అన్నేళ్ళలో పని మధ్యలో ఆవిడ వైపు చూడటం అరుదు. ఆవిడ ముందున్న పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆవిడ మూడు దెబ్బలు కొట్టింది. పేరా అయిపోయింది. లేచి వంటింట్లోకి పోయింది.

"ఏం చదివింది రా?" అన్నాడు ప్రూఫాయన.

"ఏం లేదన్నయ్యా, మీ పనే ఏదో..."

"దగ్గరికొచ్చి చెప్పు. ఈ చెవిలో."

దర్జీ కర్టెన్లు దించి, వంగి, ఆయన ఎడమ చెవికి రెండు చేతులూ గరాటాలా పెట్టాడు. "సబ్బు, కామా, ఉల్లిపాయలు, కామా, అగ్గిపెట్టెలు, ఫుల్‌స్టాపు. మా ఆయనకి చెవులు పోయాయి, కామా, నాకు చెప్పలేదు, ఫుల్‌స్టాపు. నా కళ్ళు బాగానే ఉన్నాయి, కామా, ఆ సంగతి ఆయనకి తెలుసు, కామా, అయినా నోరెత్తలేదు, ఫుల్‌స్టాపు. అన్నిటికీ తలూపావన్నయ్యా నువ్వు."

దర్జీ మెట్లు దిగిపోయాక ఆయన అలాగే కూర్చున్నాడు, తేలు కుట్టిన దొంగలా. ఏడవలేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి చేతులూ పట్టుకోలేదు. అలాంటివి ఆ ఇంట్లో ఎప్పుడూ లేవు. మధ్యాహ్నం అన్నం దగ్గర, "ఎన్నాళ్ళైంది?" అని ఆవిడ ఆయన ముఖానికెదురుగా వచ్చి అడిగింది. ఏడాదిన్నర అన్నాడు. "మీకు చెవుడని ఏడవట్లేదు నేను. మీ నాన్నగారికీ ఉండేది. నా చేత అంతకాలం గోడకి చదివించారు, అదీ," అంది. పెరుగు వడ్డించింది.

గురువారం ప్రెస్సాయన ఒక్కడే వచ్చాడు. టీచరుగారు వచ్చే వారం నుంచి వస్తారని చెప్పబోయాడు. ప్రూఫాయన చెయ్యెత్తి ఆపాడు.

"మీ పిన్ని సరిగ్గానే చదివింది. నాకు చెవులు వినపడవు. వినపడకుండానే సంతకం పెట్టాను. నలభై పేజీలూ నా తప్పే."

చెవుడు వచ్చినవాళ్ళకి తమ గొంతెంతో తెలియదు. ఆయన రహస్యంగా చెప్పాననుకున్నాడు. కింద మిషను ఆగింది. ఎదుటింటి కిటికీ తెరుచుకుంది. వీధి వీధంతా వింది.

ప్రెస్సాయన గొప్ప మనసేం చూపించలేదు. ముఖం మాడ్చుకున్నాడు. "మీ సంతకం చూసి మా నాన్న కాగితం మళ్ళీ తిప్పేవాడు కాదు బాబాయ్. నేనూ తిప్పలేదు," అన్నాడు. అది ప్రూఫాయనకి అందలేదు. అందనందుకు ఆ ఒక్కసారి ఆవిడ సంతోషించింది.

"మరిప్పుడు ఏం చేద్దాం పిన్నీ? ఆ టీచరుగారు చదివినా బాబాయికి వినపడదు కదా."

"ఎవరూ వద్దురా. కుర్చీలు మార్చుకుంటాం. ఆయన చదువుతారు, నేను కాగితం చూస్తాను. నాకు చెవులున్నాయి, కళ్ళున్నాయి."

"నీకు ఇంగ్లీషు రాదు కదా పిన్నీ!"

"వచ్చినాయన చేసిన నిర్వాకం చూశావుగా."

ప్రెస్సాయన నవ్వలేదు గానీ కట్ట వదిలిపెట్టాడు. వారం గడువిచ్చాడు. ఆ వారంలో నలభై పేజీలూ తేలకపోతే పుస్తకం ఇంకో ఊరి ప్రెస్సుకి పోతుందని, మళ్ళీ ఈ మెట్లెక్కే పని తనకి ఉండదని చెప్పి వెళ్ళాడు.

కుర్చీలు మార్చలేదు, మనుషులు మారారు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడ కూర్చున్న కుర్చీలో ఆయన కూర్చుంటే మోకాళ్ళు బల్ల కింద చెక్కకి కొట్టుకున్నాయి. ఆవిడ మోకాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకుందో ఆయనకి తెలియదు. చూపుడు వేలు ఆ గుంట మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఆవిడ ఎర్ర కలం పట్టుకుంది, మొదటి పేజీ మొదటి వరస మీద.

ఆయన చదివాడు. దొరలా చదివాడు, మింగాల్సిన అక్షరాలన్నీ మింగుతూ. మూడో వరసలో ఆ మాట వచ్చింది. పుస్తకంలో ఈ ఉంది, ఆయన కళ్ళ ముందే ఉంది. "షో," అన్నాడు.

ఆవిడ కలంతో బల్ల మీద కొట్టింది. ఎముకకి తగిలింది. మళ్ళీ చదివాడు. మళ్ళీ షో. మళ్ళీ దెబ్బ. తల పంకించి, ఊపిరి పీల్చి, వేలు వరస కింద పెట్టి చదివాడు. వేలు మాట దగ్గరికి వచ్చేలోపే ఎవడో కోర్టు మెట్ల మీద నిలబడి కారణం చూపించుకుంటున్నట్టు ఆయనకి కనపడిపోయింది, నోరు దాని వెనకాలే పోయింది. షో.

అలా నాలుగు సార్లయ్యాక ఆవిడ ఆయన్ని ఆపింది. మాట్లాడితే అందదని, కాగితం అంచున ఖాళీ ఉన్న చోట, ప్రూఫులో సందేహాలు రాసే చోటే, ఎర్ర కలంతో తెలుగులో గుండ్రంగా రాసి బల్ల మీదుగా ఇటు తిప్పింది. ఆయన జోడు సరిచేసుకుని చదువుకున్నాడు.

"ఏవండీ, ఈ నలభై పేజీలకే. అర్థం చేసుకోకుండా చదివి పెట్టండి."